హంసలదీవి చీటీ

సుందరరాజుకు అబద్ధం ఆడటం చేతకాదు. అది గొప్ప గుణమని అందరూ అంటారు గానీ, ముప్పై ఏళ్లు పక్కన పనిచేసినవాణ్ణి, నన్నడిగితే దానితో వేగడం ఎంత కష్టమో చెబుతాను.

మచిలీపట్నంలో మా పాత కాలేజీలో నేను తెలుగు లెక్చరర్ని, అతను జంతుశాస్త్రం మ్యూజియంలో అటెండరు. ఇద్దరం రిటైరై చాలా కాలమైంది. నేను బుద్ధిగా ఇంట్లో కూర్చున్నాను. అతను మాత్రం ఆదివారం చర్చికీ, మంగళవారం మ్యూజియానికీ తప్పడు. జీతం బత్తెం లేకుండా చిలకలపూడి నుంచి ఆటోలో వచ్చి, మోకాళ్లు పట్టుకుని మెట్లెక్కి, లోపల గడ్డి కూరిన పక్షుల దుమ్ము దులిపి, అల్మారాల్లో కలరా ఉండలు వేసి వెళ్తాడు.

కిందటేడు ఆ గదిని కంప్యూటర్ ల్యాబ్ చేస్తామన్నారు. పక్షులన్నీ చెత్తబండికే. అడ్డుపడటానికి మాకు మిగిలింది ఒక్క హంస. దాని కాలికి ఇంగ్లీషులో రాసిన పాత చీటీ ఉంది: హంసలదీవి, 1912 జనవరి. హంస పాలనూ నీళ్లనూ వేరు చేస్తుందని ఏళ్ల తరబడి పాఠం చెప్పి, ఎన్నడూ బతికున్న హంసను చూడని నాకు, అది మన దివిసీమకే వచ్చిందంటే ఒళ్లు పులకరించింది. పక్షుల మీద పరిశోధన చేసే వందన అనే అమ్మాయికి కబురు పెట్టాను. ఈ జాతి హంసలు చలికాలంలో మన దేశానికి వాయవ్యం వైపు ఎప్పుడో అరుదుగా వచ్చినట్టు రికార్డులున్నాయనీ, కృష్ణ దాకా వచ్చినట్టు తను ఎక్కడా చూడలేదనీ ఆమె చెప్పింది. చీటీ నిజమైతే ఆ గది జోలికి ఎవరూ రారని కూడా అంది.

వందన వచ్చింది. హంస ముక్కు కొలిచింది, ఫొటోలు తీసింది. కాగితమూ సిరా పాతవేనంది. నేను లోలోపల పండగ చేసుకుంటున్నాను. అంతలో భూతద్దం దారం మీదికి జరిపింది.

"చీటీ పాతదే గానీ దారం నైలాన్ అండీ. ఎవరు కట్టారు?"

నేను సుందరరాజును కళ్లతోనే బతిమాలాను. పాత దారం తెగితే మార్చామంటే సరిపోయేది.

"నేనేనమ్మా," అని స్టూలు మీద కూలబడ్డాడు. తర్వాత అంతా చెప్పేశాడు. డెబ్బై ఏడు ఉప్పెనకు ఈ గది కప్పు లేచిపోయింది. వానకు నాని చీటీలన్నీ నేలమీద పడ్డాయి. అతను ఉద్యోగంలో చేరి అప్పటికి మూడు నెలలు. పేర్లు మిగిలిన చీటీలను చూసి కట్టగలిగినన్ని కట్టాడు. చివరికి పదకొండు పక్షులూ, పేరు చిరిగిపోయి ఊరూ తారీఖూ మాత్రమే ఉన్న ఒక్క చీటీ మిగిలాయి. హంసలదీవి అని ఉంది కదా, హంసదే అయ్యుంటుందని చేపల వల నైలాన్ దారంతో కట్టేశాడు.

వందన రాయడం ఆపేసింది. నాకు ఒళ్లు మండింది.

"నలభై ఎనిమిదేళ్లు నోరు మూసుకున్నవాడివి, ఇవాళ ఒక్క పూట ఊరుకోలేకపోయావా?" అన్నాను.

"ఇన్నాళ్లూ ఎవరూ అడగలేదు మాస్టారూ," అన్నాడు.

తెలియనప్పుడు హంసను చీటీ లేకుండానే వదిలేయకపోయారా అని ఆ అమ్మాయి మెల్లగా అడిగింది. సుందరరాజు హంస కాలి చీటీని వేలితో సరిచేశాడు.

"అంతకు వారం ముందే మా ఊరికి శవాలు మొయ్యడానికి వెళ్లానమ్మా. ఎవరు ఎవరో తెలీకుండానే గోతుల్లో వేశాం. మా అమ్మ కూడా వాటిల్లో ఎక్కడో ఉంది. తిరిగొచ్చి చూస్తే ఇక్కడ ఇవి, పేరూ ఊరూ లేకుండా. పదకొండింట్లో ఒక్కదానికైనా ఊరు ఉంటే బాగుండుననిపించింది. అంతేనమ్మా."

అతను బల్ల మీది కత్తెర తీసుకుని, తను కట్టిన దారం తనే కత్తిరించి, చీటీ ఆమె చేతిలో పెట్టాడు.

"ఎక్కడిదో తెలీదని రాసుకోండమ్మా."

నెల తిరక్కుండానే గది ఖాళీ చేయించారు. పనివాళ్లు పక్షులను రెక్కలు పట్టుకుని చెత్తబండిలోకి విసరబోతుంటే సుందరరాజు వాళ్లను పక్కకు జరగమన్నాడు. ఒక్కొక్కదాన్నీ రెండు చేతులతో మోసుకెళ్లి బండిలో పడుకోబెట్టాడు.