ఆరొందల పదహారు టైరు

పూతలపట్టు కూడలిలో మునస్వామి అంగడికి బోర్డు లేదు, వాకిట్లో వేలాడే టైరే గుర్తు. పేరు రాయిస్తే తానే చదవలేడు మరి! తెల్లవాళ్ళ అంకెలు మాత్రం కొట్టిన పిండి. ముప్పై ఏళ్ళు బండి చక్రాలకు ఇనుప పట్టాలు కాల్చి ఎక్కించి, కార్లు కాస్త తిరగడం మొదలవగానే "యాడైనా చక్రం చక్రమే" అని టైర్ల పనిలోకి దిగిన మనిషి.

యుద్ధం రోజులు. కొత్త టైరుకు పర్మిట్టు కావాలి. ఒక పొద్దున తిరుమలయ్య కారు ఆ అంగడి ముందే టైరు పగిలి కూలబడింది. వెనక సీట్లో వాళ్ళమ్మ వరదమ్మ. మధ్యాహ్నంలోగా వేలూరు చేరితేనే ఆమె కంటికి ఆపరేషన్. తప్పితే మళ్ళీ రెండు నెలలకు. అప్పటికి ఆ ఉన్న చూపూ ఉంటుందో లేదో.

తిరుమలయ్య దిగులుపడలేదు. చిత్తూరులో కొన్న పాత టైరొకటి కారులోనే ఉంది. అంగడిలో కడ్డీలు అడిగి తీసుకొని తానే ఎంత పెనుగులాడినా అది చక్రానికి ఎక్కలేదు.

"సూసి కొన్నావా అబ్బా?" అన్నాడు మునస్వామి.

"తాడేసి ఎత్తు కొలిసినానప్పా, సరిపోయినాది. నంబరూ మంచిది. ఆరొందల పదహారు!"

మునస్వామి పడీపడీ నవ్వాడు. "పెండ్లిలో సదివింపులనుకున్నావా? ఆరు పక్కన చుక్క సూడు, ఆ సున్నాలు లెక్కలోకి రావు. అది ఆరు, పదహారు. ఆరంగుళాల లావు, లోపల బొక్క పదహారు. నీ చక్రం పదిహేడు, పగిలిన టైరు లావు అయిదున్నర. బొక్కకు పైనా కిందా లావు కలిపి కూడు, రెండూ ఇరవై ఎనిమిదే వస్తాది. ఎత్తు ఒకటే, బొక్క వేరే. బండి పట్టాకు కొలత యాడ తీస్తారు?"

"లోపల."

"దీనికీ అంతే."

"అయితే పట్టా మాదిరి కాల్చి ఎక్కించప్పా!"

"కాలిస్తే నీ చేతికి బూడిద మిగుల్తాది."

కారులోంచి వరదమ్మ కేకేసింది. "రే తిరుమలా, నా కన్ను ఈడనే పోయేట్టుండాది!"

మునస్వామి ఒక్కసారి వాకిట్లోకి చూశాడు. గుర్తుకని కట్టిన టైరు అయిదున్నర, పదిహేడు. ఈ చుట్టుపక్కల ఏ కారుకూ పట్టక అక్కడే ఉండిపోయింది. పోయి తాడు కోసేశాడు. ట్యూబుకు అతుకేసి, టైరు ఎక్కించి, గాలి కొట్టేసరికి అరగంట.

"అంగడికి గుర్తు పాయనే!" అన్నాడు తిరుమలయ్య.

"నీ ఆరొందల పదహారు ఈడ పెట్టిపో. అదే కడతా."

వరదమ్మకు చూపు వచ్చింది. తిరిగి వస్తూ కారు ఆపించి, వేలాడుతున్న ఆ టైరును పైకీ కిందికీ చూసింది. "ఇదేనా నాయనా, నా కొడుకు నాకు పెట్టిన సదివింపు?" అంది. అప్పటినుంచి అందరికీ అది సదివింపుల అంగడే.