సుమాయ్‌కి వెళ్ళిన రొట్టెలు

టాన్ రుఫీనా మా పక్కింటి పెద్దావిడ. టాన్ అనేది మా దగ్గర పెద్దవయసు ఆడవాళ్ళను గౌరవంగా పిలిచే మాట. మోకాళ్ళు మొరాయించాక కూతురు ఆవిడను మా ఊరు దెదెదోకి తెచ్చుకుని తన దగ్గరే ఉంచుకుంది. అప్పటినుంచి ఆవిడ నిద్ర మా ఊళ్ళో, ప్రార్థన శాంటా రీటా గుడి వైపు తిరిగి, మనసు మాత్రం సుమాయ్‌లో.

సుమాయ్ ఆవిడ పుట్టిన ఊరు. రేవు ఒడ్డున ఉండేది. యుద్ధంలో నేలమట్టమైంది. తర్వాత ఆ చోట అమెరికా నావికాదళం స్థావరం పెట్టింది, ఊరిజనం ఎగువన కొండమీద శాంటా రీటాలో కుదురుకున్నారు. ఇప్పుడు సుమాయ్‌లో ఉన్నవాళ్ళంతా సమాధుల్లో ఉన్నవాళ్ళే. ఏడాదికొకసారి వాళ్ళను చూడటానికి స్థావరం గేటు తీస్తారు. శాంటా రీటా మేయరు ఆఫీసు బస్సులు పెడుతుంది.

మా గువామ్ దీవిలో ఏ ఊరికి ఆ ఊరి మేయరు ఉంటాడు. ఎవరింట్లో మనిషి పోయినా గుడారాలూ కుర్చీలూ దింపేది మేయరు ఆఫీసు మనుషులే. తుఫానుకు చెట్టు కూలినా వాళ్ళకే ఫోను. అందుకే "మీదే ఊరు?" అన్న మాటకు మా దగ్గర బరువెక్కువ. ఆ మాట ఎవరడిగినా టాన్ రుఫీనా "సుమాయ్" అనేది.

కూతురు నవ్వేది. "సుమాయ్‌కి మేయరెక్కడున్నాడే అమ్మా?"

"మేయరు లేకపోతే ఏం? మీ అమ్మమ్మ ఉందిగా అక్కడ."

ఆ అమ్మమ్మ యుద్ధానికి ముందే పోయింది. కొబ్బరిపాలు పోసి ఆవిడ కాల్చే టిటియాస్ రొట్టెల వాసనకు వీధిలో పోయేవాళ్ళు ఆగేవారట. "అమ్మను చూసి చెయ్యడం నేర్చుకున్నా గానీ, నా చేత్తో అమ్మకొక్కటీ పెట్టలేదు పిల్లా. అప్పటికి పొయ్యి అందేది కాదు నాకు" అని ఒకసారి నాతో అంది. మావాళ్ళు సమాధికి పూలూ కొవ్వొత్తులే పెడతారు. ఈవిడ మాత్రం ఏటా రొట్టెలు తీసుకెళ్ళేది. నడక కష్టమై కొన్నేళ్ళు మానుకుంది. "ఈసారి ఎలాగైనా వెళ్తాను. వచ్చే ఏడాది సంగతి దేవుడికే తెలుసు" అంది.

గేటు తీసే శనివారం తెల్లవారుజామునే రొట్టెలు కాల్చి, తెల్లగుడ్డలో చుట్టి, బుట్టలో పెట్టుకుని అరుగుమీద కూర్చుంది. కూతురు డ్యూటీకి వెళుతూ నన్ను తోడుండమంది. ఎండెక్కింది. బస్సు రాలేదు.

రెండు ఊళ్ళ ఆఫీసులకూ ఫోను చేస్తే తెలిసింది. ఆవిడ సుమాయ్ మనిషి కదా, శాంటా రీటావాళ్ళే స్థావరానికి పేరు పంపి తీసుకెళ్తారనుకున్నారు మా ఆఫీసువాళ్ళు. ఇప్పుడుండేది దెదెదోలో కదా, దెదెదోవాళ్ళే పంపుతారనుకున్నారు శాంటా రీటావాళ్ళు. ఒకరి ఊరి పెద్దలను ఇంకొకరు పిలిస్తే ఎక్కడ నొచ్చుకుంటారోనని, మర్యాదకొద్దీ ఇద్దరూ ఊరుకున్నారు.

అంతలో మా మేయరు ఆఫీసు ట్రక్కు అటుగా పోతూ ఆగింది. వెనకంతా కుర్చీలు, గుడారం. సాయంత్రం ఎవరింట్లోనో పోయినవాళ్ళ కోసం జపమాల ప్రార్థన ఉంది. డ్రైవరు అనక్లేతో దిగి, పెద్దలకు మేం పెట్టే దణ్ణంగా ఆవిడ చేతిని ముక్కుకు తాకించుకున్నాడు.

"ఎక్కడికవ్వా, పెళ్ళికూతురిలా తయారయ్యావు?"

నేను సంగతి చెప్పాను. అతను తల గోక్కున్నాడు. "జపమాల పొద్దుగూకాక కదా. ఎక్కవ్వా. ఇన్ని కుర్చీలు మోసేవాణ్ణి, నిన్ను మొయ్యలేనా?"

"కుర్చీలైతే నోరు మూసుకుని కూర్చుంటాయి నాయనా. నేను కూర్చోను" అంది టాన్ రుఫీనా.

నిజంగానే దారంతా నోరు మూసుకోలేదు. ఒక్కో ఊరు దాటినప్పుడల్లా ఆ ఊరి పునీతులను పిలిచి సిలువ గుర్తు వేసుకుంది. దెదెదోలో శాంటా బార్బరా, తమునింగ్‌లో అంతోనివారు, హగాట్నాలో మరియమాత. ఆసాన్‌కు వచ్చాక చాలాసేపు కళ్ళు తెరవలేదు. ఆ గుడి తప్పిపోయిన బాలయేసుది. "ఈయనకు తెలుసు, అమ్మ కోసం వెతుక్కోవడమంటే" అంది మెల్లగా. అనక్లేతో బండి వేగం తగ్గించాడు.

స్థావరం గేటు దగ్గర కాపలా కుర్రాడు మర్యాదగానే చెప్పాడు. ముందుగా పేరు పంపినవాళ్ళకే లోపలికి దారి. ఎవరెవరికో ఫోన్లు చేసి చూశాడు, కుదరలేదు. చివరికి లోపలికెళ్ళి చల్లటి నీళ్ళు తెచ్చిచ్చి, "క్షమించండమ్మా" అన్నాడు.

"నీ తప్పేముంది బాబూ, చల్లగా ఉండు" అందావిడ. కానీ బుట్టను ఇంకాస్త దగ్గరికి లాక్కుంది.

గేటుకు ఇవతల చెట్టునీడలో అనక్లేతో ఓ కుర్చీ వేశాడు. అక్కణ్ణించి రేవు నీళ్ళు సన్నగా గీతలా కనిపిస్తాయి. ఆవిడ ఆ గీతకేసే చూస్తూ కూర్చుంది.

కాసేపటికి లోపలినుంచి మొదటి బస్సు, ముసలివాళ్ళతో వచ్చింది. కిటికీలోంచి ఎవరో "అది రుఫీనా కాదూ!" అన్నారు. బస్సు ఆగింది. అనక్లేతో కుర్చీలన్నీ దింపేశాడు. ఒక్కొక్కరే వచ్చి కూర్చున్నారు, చిన్నవాళ్ళు ఆవిడ చేతికి వంగారు. శాంటా రీటా ఆఫీసు అమ్మాయి తొమాసా పరుగున వచ్చింది.

"మా అవ్వను మీరు బయట కూర్చోబెడతారా?" అంది అనక్లేతోతో.

"మీ అవ్వ అని పొద్దున గుర్తురాలేదా? బస్సు మీది, కుర్చీలు మావి. సగం సగం."

"పోట్లాడకండర్రా, తినండి" అని టాన్ రుఫీనా బుట్ట తెరిచింది. రెండు రొట్టెలు మాత్రం గుడ్డలో విడిగా ఉంచింది. మిగిలినవాళ్ళ కోసం బస్సు మళ్ళీ లోపలికి వెళ్తుందని తెలిసి, ఆ మూట తొమాసా చేతికిచ్చింది.

"పాత గుడి ఉండిన చోటునుంచి రెండో వరస. అమ్మ సమాధి రాయి మూల విరిగి ఉంటుంది. రుఫీనా కాల్చిందని చెప్పు."

"చెప్తానవ్వా."

బస్సు మలుపు తిరిగేదాకా ఆవిడ మెడ చాపి చూసింది.

తిరిగొచ్చి తొమాసా ఖాళీ గుడ్డ ఇచ్చింది. మడతలో ఓ దేవగన్నేరు పువ్వుంది, సమాధి పక్కన రాలినది. టాన్ రుఫీనా గుడ్డను ముఖానికి ఆనించుకుంది.

"రొట్టె చల్లారిపోయి ఉంటుంది."

"రాయి ఎండకు కాలిపోతోందవ్వా. చల్లారదు" అంది తొమాసా.

ఆవిడ తలూపింది. ఆ నీటి గీతను ఇంకోసారి చూసుకుని, అనక్లేతో భుజం పట్టుకుని లేచింది.

"పద నాయనా. అక్కడ జపమాలకు కుర్చీలు కావాలి."