చాలూ కాని కార్డు

కుశనూర్ నుంచి బీదర్ వచ్చి, బట్టలూ ఇంటి సామానూ అమ్మే ఒక పెద్ద షాపులో చేరినప్పుడు నాకు ఇరవై రెండేళ్లు. నన్ను గిఫ్ట్ కార్డుల కౌంటరులో కూర్చోబెట్టారు. అక్కడ నాకు పని నేర్పింది ఒక అక్క. నాకంటే పదేళ్లు పెద్దది, బీదర్‌లోనే పుట్టి పెరిగిన తెలుగు క్రైస్తవుల ఇంటి మనిషి. నెమ్మదిగా మాట్లాడేది. నేను తప్పు చేస్తే అందరి ముందు ఒక్క మాట అనేది కాదు.

పని కష్టమేమీ కాదు. మాటలే కష్టం. కంపెనీ వాళ్లిచ్చిన పుస్తకం నిండా ఇంగ్లిష్ పదాలు. ఇష్యూ, యాక్టివేషన్, రిడీమ్, బ్యాలెన్స్, ఎక్స్‌పైరీ. అన్నీ తెలిసినట్టే ఉండేవి, ఒక్కటీ సరిగ్గా తెలిసేది కాదు. అడిగితే చులకన అయిపోతానని నేను అడగలేదు. తల ఊపుతూ రెండు నెలలు గడిపాను.

దీపావళికి ముందు నౌబాద్‌లోని ఒక పైపుల తయారీ యూనిట్ యజమాని తన పనివాళ్ల కోసం నలభై కార్డులు కొన్నారు. పెట్టెలో ఉన్నంతసేపూ కార్డు ఉత్త ప్లాస్టిక్ ముక్కే. డబ్బు కట్టాక ఒక్కో కార్డునూ మిషన్‌కు చూపిస్తేనే అది చాలూ అయి పనికొస్తుంది. ఆ నలభై కార్డులనూ మిషన్‌కు చూపించే పని నాకే పడింది.

రెండు రోజుల తర్వాత, అక్క భోజనానికి వెళ్లిన సమయంలో, నీలం కోటు వేసుకున్న ఒకామె వచ్చింది. నలభై అయిదేళ్లుంటాయి. కోటు జేబు మీద ఆ యూనిట్ పేరుంది. ఒక ప్రెషర్ కుక్కరు, ఒక దుప్పటి తెచ్చి బల్ల మీద పెట్టి, కొంగు ముడిలోంచి కార్డు తీసి ఇచ్చింది. మిషన్‌లో పెట్టాను. ఎర్ర అక్షరాలతో ‘నాట్ యాక్టివ్’ అని వచ్చింది. ఫోన్ రీచార్జి గడువు తీరిపోవడం నాకు తెలుసు. ఇదీ అదేననుకున్నాను.

“దీని డేటు అయిపోయింది అమ్మా, నడవది” అన్నాను.

నిన్న చేతికిచ్చిన కార్డుకు ఇవాళే డేటు అయిపోతుందా అని ఆమె అడిగింది. మిషన్ అలాగే చూపిస్తోందని చెప్పాను. వెనక వరసలో ఉన్నవాళ్లు మా వైపే చూస్తున్నారు. ఆమె కుక్కరునూ దుప్పటినీ తీసుకుపోయి, ఎక్కడివి అక్కడ తనే సర్దిపెట్టి వెళ్లిపోయింది.

అక్క తిరిగి వచ్చాక మాటల మధ్య ఈ సంగతి చెప్పాను. తెర మీద సరిగ్గా ఏం వచ్చిందో చెప్పమంది. చెప్పాను. ఆమె వెంటనే కుర్చీ లాక్కుని కంప్యూటర్ ముందు కూర్చుంది. నలభై కార్డులకు డబ్బు ముట్టింది, మిషన్‌కు ఎక్కినవి మాత్రం ముప్పై తొమ్మిదే. ఒకటి నా చేతిలో తప్పిపోయింది.

“డేటు అయిపోవుడు వేరే, చాలూ కాకుండ ఉండుడు వేరే చెల్లె” అంది అక్క. “ఆ కార్డుకేం కాలే. మనమే దాన్ని చాలూ చెయ్యలే.”

నాకు ముఖం చెల్లలేదు. అక్క మేనేజర్ దగ్గరికి వెళ్లి జరిగింది చెప్పింది, ఆయన పెద్దాఫీసుకు రాశారు. గంటలో కార్డు చాలూ అయింది. ఇక ఆమెకు ఎలా చెప్పాలన్నది మిగిలింది. యూనిట్‌కు ఫోన్ చేద్దామన్నాను. అక్క ఒప్పుకోలేదు. ఫోన్ చేస్తే ఆమెను ఆఫీసులోకి పిలిపిస్తారని, ఎందుకు పిలిచారో తెలియక ఆమె ఇంకా భయపడుతుందని అంది. మేనేజర్‌ను గంట సెలవు అడిగి, నన్ను తన స్కూటీ మీద ఎక్కించుకుంది. గాంధీ గంజ్ దగ్గర కందుల లారీలు అడ్డం నిలిచాయి. హమాలీలు బస్తాలు దించి దారి ఇచ్చేదాకా ఎండలో నిలబడ్డాం. ఆ ఆలస్యానికి నాకు ఏడుపొచ్చినంత పనైంది.

భోజనం వేళ షాపుకు వచ్చిపోయినామె ఎవరని గేటు దగ్గర అడిగితే ఆమెను పిలిపించారు. నన్ను చూడగానే ఆమె ముఖం మారింది. మాట్లాడాల్సింది నేనేనని అక్క కొంచెం వెనక్కి జరిగి నిలబడింది.

“తప్పు నాదే అమ్మా. మీ కార్డు మంచిగనే ఉన్నది. నేనే సరిగ్గ చదవకుండ చెప్పిన” అన్నాను.

ఆమె గోడకు ఆనుకుంది. తర్వాత మెల్లగా చెప్పింది. వారం కింద షెడ్డులో పంకా తిరగడం లేదని సేటును నలుగురిలో అడిగిందట. ఆ కోపంతోనే తన ఒక్కదానికే పనికిరాని కార్డు ఇచ్చాడనుకుంది. సాయంత్రం డ్యూటీ దిగగానే దాన్ని ఆయన బల్ల మీద పడేసి, పని మానేసి ఇంటికి వెళ్లాలని నిశ్చయించుకుంది.

నా ఒక్క మాట ఆమెను అంతదాకా తీసుకుపోయింది. ఆమె మాత్రం లోపలికి వెళ్లి చెంబుతో నీళ్లు తెచ్చింది.

“ముందుగాల ఇవి తాగు బిడ్డా. ఇంత ఎండల వచ్చి చెప్పినవ్. ఎవరొస్తరు ఇట్ల?”

ఆదివారం ఆమె షాపుకు వచ్చింది. కుక్కరు తీసుకుంది, దుప్పటి వద్దనుకుంది. మిగిలిన డబ్బు కార్డులోనే ఉంటుందని, ఏడాది మియాదు ఉందని, ఆ గడువు లోపల ఎప్పుడైనా వాడుకోవచ్చని చెప్పాను. ఈ మియాదు నిజమైనదేనా అని నవ్వుతూ అడిగింది. అక్క కూడా నవ్వింది. నేను తెర మీది తేదీని రెండుసార్లు చదివి, అప్పుడు ఔనన్నాను.

ఆ వారమే అక్క ఒక తెల్ల కాగితం తెచ్చింది. కౌంటరు మాటలన్నీ మన మాటల్లో రాసి పెట్టుకుందామంది. యాక్టివేషన్ అంటే చాలూ చేయడం. ఎక్స్‌పైరీ అంటే మియాదు తీరడం. బ్యాలెన్స్ అంటే కార్డులో ఇంకా మిగిలింది. రిడీమ్ దగ్గర ఆగి, “మా చర్చిల దీన్ని విమోచన అంటరు. ఈడ మాత్రం కార్డు ఇచ్చి సామాను కొనుక్కునుడే” అంది. ఆ మాట నేను ఈ రోజుకూ మరిచిపోలేదు.

నేను కన్నడం బడిలో చదివినదాన్ని. ఇంట్లో తెలుగే మాట్లాడినా అప్పటికి తెలుగు రాయడం రాదు. అక్క చిన్నప్పుడు చర్చి పాటల పుస్తకం చూసి నేర్చుకుందట. కాగితానికి ఒక పక్క నేను కన్నడంలో రాస్తే, రెండో పక్క ఆమె తెలుగులో రాసింది. రెండు లిపులూ అక్కచెల్లెళ్లలా కనిపించాయి. సగం అక్షరాలు నాకు ముందే తెలిసినట్టు అనిపించింది. మిగతావి రోజూ టీ సమయంలో బిల్లు కాగితాల వెనక రాయించి నేర్పింది.

మూడేళ్ల కింద ఆమె భర్తకు కలబురగికి బదిలీ అయింది. ఇప్పుడు ఆ కౌంటరు నేను చూస్తున్నాను. కొత్తగా చేరిన వాళ్లతో, తెర మీద వచ్చిన మాటను ముందు పైకి చదివి, అర్థం కాకపోతే నన్నడిగి, ఆ తర్వాతే కొనడానికి వచ్చిన గిరాకీకి చెప్పమంటాను. ఆలస్యమైనా ఫరవాలేదంటాను.

మొన్న తెలుగులో ఒక ఉత్తరం రాసి, ఫోటో తీసి అక్కకు పంపాను. నా జీవితంలో నేను రాసిన మొదటి తెలుగు ఉత్తరం. ఆమె ఆ ఫోటో మీదే రెండు చోట్ల దీర్ఘాలు సరిచేసి, ఎర్ర గీతతో గుండ్రంగా చుట్టి, తిరిగి పంపింది. కింద ‘మంచిగ రాసినవ్’ అని ఉంది.