వరుసలో ఎల్లవ్వ జాగ

చెవిని ముందు ఇచ్చి, గొంతును తర్వాత విప్పిన ఆ పాండురంగనికి దండం. బిడ్డ పలకడానికి పుట్టిన తర్వాత ఏడాది పడుతుంది. వినడం మాత్రం కడుపులోనే మొదలవుతుంది. తొమ్మిది రకాల భక్తిలో శ్రవణాన్ని మొదట పెట్టింది అందుకేనని మా నాయన భాగవతం చదివి చెప్పేటప్పుడు అనేవాడు. బొంబాయి కామాఠిపురలో, కూలి కుటుంబాలు గదికొకటిగా ఉండే మా చాల్ మూడో అంతస్తు చివరి గదే భజన మందిరం. అక్కడ ఆయన పక్కన కూర్చుని విన్నాను. తర్వాత వినడమే నాకు ఉద్యోగమైంది. అదీ స్వామి దయే.

1988లో, వానలు తగ్గుముఖం పట్టిన రోజుల్లో, నాకు సముద్రం ఒడ్డున వర్లిలో ఒక ఇంటి పని అప్పగించారు. అప్పటికి నేను బొంబాయిలో ఒక హై-ఫై కంపెనీలో సీనియర్ టెక్నీషియన్‌ని. ఇళ్లకు వెళ్లి సంగీత యంత్రాలు అమర్చడం, కొలవడం, ట్రయల్ షీటు నింపడం నా వంతు. ఏ యంత్రం ఇవ్వాలో నిర్ణయించి సంతకం చేసే అధికారం మాత్రం చీఫ్ ఇంజనీర్ దేశ్‌పాండే సాహెబ్‌ది.

గిరాకీ రాజలింగం సేఠ్ మా తెలుగువాడే. తాత తెలంగాణ నుంచి బొంబాయికి మట్టి మోయడానికి వచ్చాడు, మనవడు కాంట్రాక్టర్ అయ్యాడు. ఆయన తల్లి ఎల్లవ్వ మా చాల్‌లో ఆడవాళ్ల భజనకు పెద్ద. మోకాళ్లు పట్టేసి మూడంతస్తుల చెక్క మెట్లు ఎక్కలేకపోవడంతో కొడుకు వర్లి ఫ్లాటుకు తీసుకుపోయాడు. అక్కడ ఆమెకు లిఫ్టు ఉంది, బాల్కనీ ఉంది. కానీ వెళ్లిన రోజు నుంచి ఆమె పాడలేదు. ఏడాది దాటింది. స్పీకర్లు, యాంప్లిఫయర్ కొన్నాక సేఠ్ నాతో అన్న మాట ఇది: "మా అవ్వ ఒక్క పాట పాడాలె. పాడకపోతే గీ సామానంత మీరే వాపస్ తీస్కపోండ్రి."

ఇక మిగిలింది డాక్ ఎంపిక. డిజిటల్-టు-అనలాగ్ కన్వర్టర్‌ను మేము డాక్ అనేవాళ్లం. డిజిటల్ రికార్డింగులో ధ్వని అంకెలుగా ఉంటుంది, సెకనుకు నలభై వేలకు పైగా అంకెలు. వాటిని మళ్లీ ధ్వని తరంగంగా మార్చే పెట్టె అది. ఆ రోజుల్లో దాన్ని విడిగా కొనడం కొత్త. మా గోదాములో రెండే రకాలున్నాయి. ఒకటి ఖరీదైనది, ముందు పలక బంగారు రంగు. లోపల మాత్రం ఒకే చిప్పు ఎడమ, కుడి స్పీకర్లకు వంతులవారీగా పనిచేస్తుంది. రెండోది నల్ల రేకు డబ్బా, ఎడమకొకటి, కుడికొకటి వేరువేరు చిప్పులు.

ఎల్లవ్వ ముందు ఏ విదేశీ సంగీతమో పెట్టి లాభం లేదు. కంపెనీకి కొత్తగా వచ్చిన డిజిటల్ టేప్ డెక్కును అనుమతి తీసుకుని శనివారం భజనకు మోసుకుపోయాను. రెండు మైకులు నిలబెట్టి చూస్తే ఆడవాళ్లు ఐదుగురు కూర్చునే వరుసలో నలుగురే ఉన్నారు. సరిగ్గా నడుమ చోటు ఖాళీ. అక్కడ మడిచిన తువ్వాల, దాని మీద ఒక జత కంచు తాళాలు.

రెండు మైకుల రికార్డింగులో మధ్యలో ధ్వని లేకపోవడం మా వృత్తిలో పెద్ద తప్పు. కాస్త దగ్గరికి జరగమని బాలవ్వను అడిగాను. ఆమె ఖాళీ చోటు పక్కనే కూర్చుంటుంది.

"గది ఎల్లవ్వ జాగ బిడ్డా. నువ్వు నీ బటన్లు చూస్కో."

ఆమె రాదు కదా అన్నాను.

"ఆమె రాకుంటె జాగ యాడికి పోతది?" అంది బాలవ్వ. మిగతా ముగ్గురూ నవ్వారు. నేను బటన్లే చూసుకున్నాను.

సోమవారం ఆఫీసులో రెండు డాక్‌లనూ పోల్చాం. పద్ధతి ఇదీ: ఒకే స్వరాన్ని పెట్టి, స్పీకర్ తీగల దగ్గర మీటరు ఉంచి, రెండింటి స్థాయి సమానం చేయాలి. లేకపోతే బిగ్గరగా పలికేదే మంచిదనిపిస్తుంది. బంగారు పెట్టెలో భజన నిండుగా, గది నిండా వినిపించింది. నల్ల డబ్బాలో నడుమ గుంత తెలిసిపోయింది. సాహెబ్ తల అడ్డంగా ఊపారు. ఆ గుంత నా రికార్డింగులోనే ఉందని చెప్పడానికి మొహమాటపడి, షీటులో రెండో దాని ఎదురుగా "మధ్యలో ఖాళీ, లోపం" అని రాసింది నేనే.

ఆదివారం ఉదయం సాహెబూ నేనూ వర్లి వెళ్లాం. గిరాకీకి రెండూ వినిపించాలి, ఏది ఏదో కనిపించకూడదు అన్న నియమం ప్రకారం రెండు పెట్టెల మీదా గుడ్డ కప్పాను. ఎల్లవ్వ కుర్చీలో కూర్చుని నన్ను ఎగాదిగా చూసింది. "పురాణమయ్య కొడుకువు గాదూ? మీ నాయన నోటితోని చెప్పె, నువ్వు డబ్బలతోని చెప్తవ?" అంది.

మొదట బంగారు పెట్టె. ఆమె మర్యాదగా విన్నది. మంచిగుంది, రేడియో లెక్కనే ఉంది అన్నది. సాహెబ్ జేబులోంచి పెన్ను తీశారు. ఆమె చేతులు ఒళ్లో కదలకుండా ఉన్నాయి. సేఠ్ వంటగది గుమ్మంలో నిలబడి ఆ చేతులనే చూస్తున్నాడు.

తర్వాత నల్ల డబ్బా పెట్టాను. పల్లవి పూర్తి కాకముందే ఆమె చెయ్యెత్తింది.

"ఆపు. బాలవ్వ పక్కపొంటి ఎవ్వలు కూసోలేదేంది?"

సాహెబ్ నన్ను ఏమిటని అడిగారు. లోపం కనిపెట్టిందని మరాఠీలో చెప్పాను. ఆమె మళ్లీ అదే అడిగింది. ఇక దాచలేక తువ్వాల సంగతి, తాళాల సంగతి, బాలవ్వ అన్న మాట అన్నీ చెప్పేశాను.

ఎల్లవ్వ స్పీకర్ల నడుమ గోడవైపు చూసింది. తర్వాత ఒళ్లంతా ఊగేలా నవ్వింది.

"పిచ్చోళ్లు! నడుమ జాగ ఇడిసిపెట్టి పాడితె తాళం యాడ నిలుస్తది? మొదటికెల్లి పెట్టు."

మొదటి నుంచి పెట్టాను. తాళాలు చాల్‌లోనే ఉన్నాయి కనుక ఆమె చేతులతోనే తాళం కొట్టింది, సరిగ్గా ఆ ఖాళీలో. రెండో చరణానికి గొంతు కలిపింది. గొంతు బొంగురుపోయింది, శ్రుతి మాత్రం తప్పలేదు. సేఠ్ గుమ్మంలోనే కింద కూర్చుండిపోయాడు. దేశ్‌పాండే సాహెబ్ తెలియకుండానే బూటుకాలితో తాళం వేశారు. వినాయక చవితికి ఆరతి పాడే మనిషి, ఆగలేకపోయారు.

పాట అయ్యాక సేఠ్ గుడ్డలు తీయించి రెండు పెట్టెలనూ చూశాడు. "గోడ పగిలితె మేము ప్లాస్టర్ కొట్టి దాస్తం సాబ్. గీ బంగారుది గదే పని చేసినట్టుంది," అన్నాడు. నిజమే, ఒకే చిప్పు కావడంతో ఎడమ, కుడి ధ్వనులు కొంత కలిసిపోయి నడుమ ఖాళీ పూడిపోయింది. సాహెబ్ గట్టిగా నవ్వి, షీటు నా చేతికిచ్చి, రాసినవాడివి నువ్వే కొట్టెయ్యి అన్నారు. నా మాట నేనే కొట్టేశాను. ఆయన కింద సంతకం చేశారు.

తర్వాతి శనివారం ఈ సంగతి చెబితే బాలవ్వ తాళాల జతను తువ్వాలలో చుట్టి నాతో వర్లికి పంపింది. ఆ పైన నెలకోసారి భజన రికార్డు చేసి ఎల్లవ్వకు అందించేవాణ్ని. మందిరంలో ఆ చోటు ఎప్పుడూ ఖాళీగానే ఉండేది. వర్లిలో వరుస నిండేది.

ఈ పనిలో నేను నేర్చుకున్నది ఇది. డాక్ పని ధ్వనికి అందం దిద్దడం కాదు, గదిలో ఉన్నదాన్ని ఉన్నట్టు చెప్పడం. లేనిదాన్ని లేనట్టు చెప్పడం కూడా అందులో భాగమే. షీటులో లోపమని రాసేముందు, ఆ లోపం యంత్రానిదా, గదిదా, నా చెవిదా అని మూడుసార్లు చూసుకోవాలి. రిటైరయ్యేదాకా అలాగే చేశాను.

చదివిన మీరు కూడా నాతో కలిసి ఒక్కసారి చేతులు జోడించండి. పాండురంగా, ఉన్నది ఉన్నట్టు వినే చెవి మాకియ్యి. మెట్లెక్కి రాలేని వాళ్ల జాగను ఆక్రమించని బుద్ధి మాకియ్యి. నీ వరుసలో మా జాగ కూడా అట్లాగే ఉంచు.