బావ కొనని తుపాకీ

"మీ బావ లేసి నీల్లడిగినాడే. తెచ్చీలోగా పోనాడే" అని అక్క ఫోన్ చేసినప్పుడు కంచరపాలెంలో నా కుట్టుషాపు షట్టరు తీస్తున్నాను. షట్టరు సగంలోనే ఆగిపోయింది. తాళాలు గుప్పిట్లో పట్టుకుని లోపలికి వెళ్లాలో వెనక్కి తిరగాలో తెలియక నిలబడిపోయాను. ముందు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. "చెప్పకుండానే పోయావా బావా?" అన్నాను పైకే. నాకు చెప్పకుండా అని కాదు. ఎవరికి చెప్పాలో వాళ్లకి.

మా బావ పోర్టు వర్క్‌షాపులో వెల్డరుగా చేసి రిటైరయ్యాడు. మల్కాపురంలో ఇల్లు. అక్కని చేసుకునేనాటికి నేను పరికిణీల పిల్లని. మరదలంటే ఆటపట్టించడానికే పుట్టిందని ఆయన నమ్మకం. నేను టకటకా మిషను తొక్కుతుంటే ఆ చప్పుడికి వెనకనుంచి వచ్చి, "ఆపమ్మా, రైలెల్లిపోనాది" అనేవాడు. కోపం రాకుండా ఎలా ఉంటుంది! బెల్లం మిఠాయి తెచ్చి మిషను మీద పెట్టేవాడు. కోపం ఎక్కడుంటుంది!

ఆయనకి బండి నడపడం రాదు. నాకు స్కూటీ ఉంది. అందుకని తుపాకీలు చూడ్డానికి నన్ను వెంటేసుకుని తిరిగేవాడు. అక్క ఆ మాటెత్తితేనే దండం పెట్టేది. "ముసలాడికి తుపాకీ, మూలనున్న ముసిల్దానికి భయం" అనేది.

ఆ తుపాకీలు సినిమాల్లోవి కావు. మూతిలోంచి మందు పోసి, గుడ్డ కూరి, గుండు వేసి, చువ్వతో దట్టించి పేల్చే పాతకాలంవి. చోడవరం అవతల బావ సొంతూళ్లో అడవిపందులు పడి చెరకు, మొక్కజొన్న తొక్కేస్తాయి. పంట కాపలాకని లైసెన్సు తీసుకున్నాడు. తుపాకీ మాత్రం కొనలేదు. ఎన్నికలు వచ్చినప్పుడల్లా స్టేషను నుంచి ఫోను, తుపాకీ తెచ్చి అప్పగించమని. "కొంటే కదా బాబూ అప్పగించీది!" అని బావ, "కొనకపోతే లైసెన్సెందుకండీ?" అని అవతలివాళ్లు. తుపాకీ కొనడానికిచ్చిన గడువు అయిపోతోందని బతిమాలి పొడిగించుకునేవాడు.

వెళ్లిన ప్రతిచోటా ఒకటే వరస. అమ్మేవాడు నూనె రాసి తళతళలాడించి తెచ్చేవాడు. బావ ఆ మెరుపు వంక చూసేవాడే కాదు. "కట్టె సూసి కొనకు, కడుపు సూసి కొను" అనేవాడు. గొట్టంలోకి చువ్వ దించి, మూతి దగ్గర బొటనవేలు పెట్టి గుర్తుంచుకుని, చువ్వని బయటికి తీసి గొట్టం పక్కన ఆనించేవాడు. కొస గొట్టం అడుగుదాకా వస్తే లోపల ఖాళీ. రాకపోతే ఎవరో మందు కూరి మరిచిపోయారన్నమాట. "ఖాళీయేనండీ బాబూ, మీదొట్టు" అని అమ్మేవాడు మొత్తుకుంటున్నా ఆగేవాడు కాదు. "ఖాళీ అన్నోడి మాట ఇనకు మరదలా, సువ్వ మాట ఇను." ఆ తర్వాత సుత్తి స్ప్రింగు వదులనో, గొట్టం పలచబడిందనో ఏదో ఒక వంక పెట్టి లేచిపోయేవాడు. నాకు ఒళ్లు మండేది. పెట్రోలు నాది, ఎండ నాది, వంక ఆయనది.

ఒకరోజు టీ కొట్టు దగ్గర నిలదీశాను. "ఇంతకీ నీకు కావాల్సింది తుపాకీయేనా బావా?"

"మా నాన్న తుపాకీ కావాల" అన్నాడు.

అప్పుడు చెప్పాడు. వాళ్ల నాన్నకి ఒక తుపాకీ ఉండేది. దాని మడమ, అదే భుజానికి ఆనించే చెక్క, చీలితే ఇత్తడి తీగ చుట్టాడట ఆయన. బావ పట్నంలో ఉద్యోగం చేస్తుండగా ఊళ్లో ఉన్న తమ్ముడు దాన్ని అమ్మేశాడు. ఎందుకమ్మావురా అంటే, పందులు పడ్డప్పుడు పేలలేదన్నాడు. "నాన్న తుపాకీ పేలకపోడమేటి? అబద్దాలకోరు నాకొడుకు!" అని బావ ఊగిపోయాడు. వాళ్ల నాన్న సంతకం పెట్టే అమ్మించాడని చెప్పినా వినలేదు. ఆనాటినుంచి అన్నదమ్ములకి మాటల్లేవు. నాన్న పోయినప్పుడు కూడా పాడెకి చెరోవైపు నడిచారట. ఆ తుపాకీ తెచ్చి, తమ్ముడి వాకిట్లో పేల్చి చూపించాలని బావ పంతం.

నిరుడు వానలకి ముందు అది దొరికింది. కొన్నాయన ఎప్పుడో పోయాడు, కొడుకు అమ్మకానికి పెట్టాడు. పాతూరులో తుపాకులు బాగుచేసే ముసలాయన షాపుకి కాగితాలతో సహా తెచ్చాడు. గుడ్డ విప్పగానే మడమ మీద ఇత్తడి తీగ కనిపించింది. బావ దాని మీద చెయ్యి వేసి కాసేపు తియ్యలేదు. ఆయన కళ్లు తడవడం అంతకుముందు నేను చూడలేదు. "బేరం ఆడకు బావా, తీసేసుకో" అని గుసగుసలాడాను.

అయినా చువ్వ దించాడు. బయటికి తీసి ఆనించాడు. అడుగుకి నాలుగు వేళ్లు తక్కువొచ్చింది.

"కడుపుతో ఉంది" అన్నాడు ముసలాయన.

కుర్రాడు ఠారెత్తిపోయి బల్లకి దూరం జరిగాడు. కొన్నప్పటినుంచీ ఒక్కసారీ పేల్చకుండా గోడకి వేలాడదీసిన ఆ తుపాకీని వాళ్ల నాన్న ఎవర్నీ ముట్టనిచ్చేవాడు కాదట. ముసలాయన లోపలి మందు నానేలా నీళ్లు పోసి, కొసన మరలున్న చువ్వతో మెల్లగా తిప్పి లాగాడు. ముందు గుండు రాలింది, తర్వాత గుడ్డ వచ్చింది, ఆ వెనక నల్లటి ముద్ద. గుడ్డని నేనే నీళ్లలో జాడించాను. గుడ్డతో బతికేదాన్ని కదా, చెయ్యి ఊరుకోలేదు. మసి కొంచెం వదిలి నీలం రంగు తేలింది. మందపాటి డ్రిల్లు గుడ్డ, అంచున రెండు వరసల కుట్టు. వర్క్‌షాపు చొక్కా.

బావ వాళ్లింట్లో నీలం చొక్కా తొడుక్కున్న మనిషి బావ ఒక్కడే.

బావ బల్ల మీద కూలబడ్డాడు. సెలవుకి ఊరెళ్లి చేను కాపలాకి పోయిన సంగతి అప్పుడు గుర్తొచ్చింది ఆయనకి. మందు కూరుకుని కూర్చున్నాడు, పందులు రాలేదు. నింపిన తుపాకీ గడప దాటకూడదని వాళ్ల నాన్న నియమం. తెల్లారాక గట్టుమీద పేల్చేసి ఇంటికి రావాలి. డ్యూటీకి బస్సు వెళ్లిపోతుందని బావ దాన్ని అలాగే తెచ్చి గోడ గూటానికి తగిలించేశాడు. మందు చెమ్మెక్కింది. పందులు పడినరోజు తమ్ముడు మీట నొక్కితే అది పేలలేదు. తమ్ముడు చెప్పింది నిజం.

"కడుపంతా తుప్పు తినేసిందండి" అన్నాడు ముసలాయన గొట్టంలోకి దీపం పట్టి. "పేలిస్తే మొకం మీదే చిట్లిపోద్ది. గోడకైతే పనికొస్తాది."

"గోడకైనా తీసుకో బావా, మీ నాన్నది కదా!" అన్నాను.

"నానే సంపీసినాను దీన్ని. డబ్బులిచ్చి తెచ్చుకుని ఏలాడదీసుకోమంటావేటి?"

తుపాకీ కొనలేదు. ఆ గుడ్డ పీలిక మాత్రం అడిగి తీసుకుని కళ్లజోడు పెట్టెలో దాచుకున్నాడు.

ఇంటి దగ్గర దిగాక, "తమ్ముడికి సెప్పాల" అన్నాడు. ఫోను తీసి నంబరు నొక్కబోయాను. చెయ్యి పట్టుకున్నాడు. "ఇలాటియి ఫోన్లో సెప్తారేటి? ఆడి ఎదర కూకుని సెప్పాల. నువ్వు మద్దిలో దూరకు."

సరే పద అంటే, వానలు తగ్గనీ అన్నాడు. వానలు తగ్గాయి. అమ్మవారి పండక్కి వెళ్దాం అన్నాడు. పండగ వచ్చింది, మోకాలు వాచింది. కుట్టు ఆర్డర్లని నేనూ ఊరుకున్నాను. బండి నాదే కదా, ఒక ఆదివారం ఎక్కించుకుని పోవాల్సింది. పోలేదు. ఎప్పుడు కలిసినా కళ్లజోడు పెట్టె తెరిచి ఆ పీలిక వంక చూసి మూసేసేవాడు. ఆటపట్టించడం కూడా తగ్గిపోయింది. "రైలు లేదా బావా?" అని నేనే అడిగితే నవ్వేవాడు. ఆ నవ్వు నాకు నచ్చేది కాదు.

అక్కకి ఇద్దరూ ఆడపిల్లలే. తలకొరివి పెట్టడానికి తమ్ముడే వచ్చాడు. ఇంట్లోకి రాకుండా వీధిలో ప్లాస్టిక్ కుర్చీలో ఓ మూల కూర్చున్నాడు. మెడ వంచుకుని కూర్చోవడం అచ్చం బావే. కళ్లజోడు పెట్టె తీసుకెళ్లి ఆయన చేతిలో పెట్టాను. "చిన్నబావా, ఇది తుపాకీలోంచి వచ్చింది. తప్పు తనదేనని నీకు చెప్పాలని..."

ఆయన పీలికని వేళ్ల మధ్య నలిపి చూశాడు.

"నాకు తెలుసు" అన్నాడు. "అది కూరినపుడు పక్కనే ఉన్నాను. పొద్దున్న పేల్చీ అన్నా అంటే, బస్సెల్లిపోతాదన్నాడు."

"తెలిసీ ఇన్నాళ్లూ తిట్లు పడ్డావా? చెప్పొచ్చు కదా!" అని దాదాపు అరిచాను.

"నాన్న ఒట్టేయించుకున్నాడు. ఈ మాటింటే పెద్దోడు మొకం సెల్లక ఇంటికి రాడురా, సెప్పకన్నాడు." పీలికని మడతపెడుతూ, "సెప్పకపోయినా రాలేదు" అన్నాడు.

నేను ఏడుస్తూ నిలబడ్డాను. ఆయనే మళ్లీ అడిగాడు.

"వొత్తానన్నాడా?"

"అన్నాడు. పండక్కే అన్నాడు. మోకాలు..."

"వొచ్చీవోడే. మోకాలు బాగుంటే వొచ్చీవోడే" అని తల ఊపాడు.

లేచి చొక్కా విప్పాడు. తెల్లపంచె కట్టుకుని, ఆ పీలికని మొలలో దోపుకున్నాడు. వాకిట్లో కూర్చోబెట్టి బిందెలతో నీళ్లు పోశారు. నిప్పుకుండ చేతికిచ్చారు. పాడె ముందు ఆయన, వెనక మా బావ. నేను గేటు పట్టుకుని చూస్తున్నాను. తడిసిన తెల్లపంచె మీద, మొల దగ్గర మొదలై మోకాలిదాకా నల్లటి మసి చారలు కారుతున్నాయి. ఎవరో పెద్దాయన చూసి, పంచె మార్చుకోమన్నాడు. ఆయన వినిపించుకోకుండా నడుస్తున్నాడు.