అడ్డం తాడు

ఫిలోమినా నడుముకు రెండు తాళ్ళు కడతారు. ఒకటి పైకి లాగుతుంది, ఒకటి పక్కకు. ఒక్కోదాని వెనక ఒక్కో జట్టు. సినిమాలో హీరోయిన్ గాల్లో ఎగిరి వీధి దాటితే, దాటింది ఫిలోమినా. తరువాత కంప్యూటర్లో తాళ్ళు చెరిపేస్తారు. ముఖమూ మారుస్తారు.

పెళ్ళికి ముందు నుంచీ ఇదే పని. పక్కకు లాగే అడ్డం తాడు జట్టుకు పెద్ద ఆమె భర్త బెన్‌హర్. యూసుఫ్‌గూడలో రెండు గదుల ఇల్లు. కూతురు జెరూష ఇంటర్ మొదటి సంవత్సరం.

గాలి గురించి ఫిలోమినాకు తెలిసింది ఒక్కటే. బెన్‌హర్ లాగినంతసేపూ ముందుకు పోతుంది. వదిలితే వెనక్కి ఊగి వచ్చి, పై తాడు కింద తిన్నగా వేలాడుతుంది.

ఈసారి తాళ్ళు వద్దన్నారు. తాడు మీద మనిషి తేలుతున్నట్టుంది, పడినట్టు లేదు అన్నాడు డైరెక్టరు. ఫిల్మ్ నగర్‌లో వేసిన సెట్టు. డాబా మీద పరిగెత్తుకుంటూ వచ్చి, అంచు దాటి, కింద పేర్చిన అట్టపెట్టెల మీద పడాలి. ఆ పెట్టెలనే పరుపు అంటారు. పరుపు ఎక్కడ వేయాలో దూకేవాళ్ళే చెప్పాలి. వాళ్ళలో అది పద్ధతి. ఫైట్ మాస్టరు కూడా నోరు విప్పడు. చోటు తప్పితే కింద సిమెంటు నేల.

ముందురోజు సాయంత్రం జెరూష అడిగింది.

"ఎంత ఎత్తమ్మా?"

"ఆరు మీటర్లన్నారు."

"ఎంత వేగంగా పరిగెడతావు?"

"నాకేం తెలుసు."

"కదిలిపోయే బస్సు వెనక పరిగెత్తినట్టు పరిగెడుతుంది," అన్నాడు బెన్‌హర్.

జెరూష సెకనుకు ఐదు మీటర్లు అనుకుంది. గ్లాసులో వేలు ముంచి బల్ల మీద తడి గీతలు గీసింది. ఒకటి అడ్డంగా. దాని చివర నుంచి ఒకటి కిందికి.

"వేగాన్ని రెండు ముక్కలు చేసుకోవాలి. దేని పని దానిదే. కిందికి వచ్చేది పెరుగుతూ పోతుంది. నేలకు రావడానికి ఒక సెకను, ఇంకొంచెం. అడ్డం వేగం మాత్రం అప్పటిదాకా మారదు. అంటే డాబాకి ఐదున్నర మీటర్ల అవతల పడతావు."

"అడ్డం ఎవరు లాగుతారు?"

"ఎవరూ లాగరు."

"మరి ఎలా పోతాను?"

"ఎవరూ లాగరు కాబట్టేనమ్మా. వెనక్కి కూడా ఎవరూ లాగరుగా."

ఫిలోమినా భర్త వైపు చూసింది.

"నన్ను చూస్తావేంటి. నాది కామర్స్. అదీ సగం."

"లాగకపోయినా పోతానట."

"మరి ఇన్నేళ్ళూ నేనెందుకు లాగినట్టు?"

జెరూష నవ్వింది. ఫిలోమినా నవ్వలేదు. బల్ల మీద గీతలు ఆరిపోయాయి.

పొద్దున సెట్లో మాస్టరు అసిస్టెంటు రఘునందన్ పెట్టెలు దింపించి నిలబడ్డాడు.

"అక్కా, పరుపు ఏడ ఏద్దాం?"

"గోడ పక్కన," అంది ఫిలోమినా. నోటికి అదే వచ్చింది.

రఘునందన్ డాబా ఎక్కి ఒక ఇసుక బస్తాను అంచు నుంచి తోశాడు. అది పెట్టెల నడుమ పడింది.

"బరాబర్ పడ్డది. ఇగ ఫికర్ లేదక్కా."

ఫిలోమినా బస్తాను చూస్తూ ఉండిపోయింది.

"అది పరిగెత్తలేదుగా," అంది.

"బస్తా ఎట్ల ఉరుకుతదక్కా? దానికి కాళ్ళున్నయా?"

ఆమె బెన్‌హర్‌ను పిలిచింది. బస్తాను మళ్ళీ డాబా ఎక్కించి చక్రాల పలక మీద పెట్టమంది. పలకకు అడ్డం తాడు కట్టి, తను పరిగెత్తేంత వేగంగా లాగమంది. ఎందుకో ఆమెకే సరిగా తెలియదు. బెన్‌హర్ అడగలేదు.

జట్టు లాగింది. అంచు దగ్గర అడ్డంగా పెట్టిన కర్రకు పలక తగిలి ఆగింది. బస్తా ఆగలేదు. పెట్టెలన్నీ దాటి, ఉత్త నేల మీద పడి పగిలింది.

రఘునందన్ పగిలిన బస్తా దగ్గరికి వెళ్ళాడు.

"గీడ పడుతుంటివి అక్కా," అన్నాడు రఘునందన్, మెల్లగా.

ఫిలోమినా వెళ్ళి ఆ ఇసుకలో నిలబడింది. వెనక్కి తిరిగి డాబా అంచు చూసింది. మధ్యలో ఏమీ లేదు. తాడు లేదు, మనిషి లేడు. బస్తాను ఇంత దూరం ఏది తెచ్చిందో ఎంత చూసినా కనిపించలేదు.

"పరుపు ఇక్కడ వేయండి," అంది.

మాస్టరు ఈల వేశాడు. ఆమె పరిగెత్తింది. అంచు దాటాక నడుము అలవాటుగా లాగుడు కోసం ఎదురుచూసింది. రాలేదు. అయినా గోడ దూరమైపోతూనే ఉంది. తరువాత అట్టలు విరిగిన చప్పుడు.

పరుపు నడుమ పడింది. బెన్‌హర్ పెట్టెలు తొలగించుకుంటూ వచ్చాడు.

"మీరు లాగారా?" అని అడిగింది.

అతను రెండు అరచేతులూ తెరిచి చూపించాడు.

సాయంత్రం జెరూష తలుపు దగ్గరే అడిగింది.

"ఎక్కడ పడ్డావు?"

"నువ్వు చెప్పిన చోటే."

"అయితే అర్థమైందన్నమాట."

"లేదు. ఇంకోసారి చెప్పు. మెల్లగా."

జెరూష గ్లాసులో వేలు ముంచింది. బెన్‌హర్ కూడా తన కుర్చీని బల్ల దగ్గరికి జరుపుకున్నాడు.