అన్న ముందు చెప్పిన జవాబు

ఫిబ్రవరి మొదటి ఆదివారం, పొద్దున పదకొండున్నర. ఢిల్లీ పక్కన ఇందిరాపురంలో మా అల్లుడి ఫ్లాటు. కిటికీలన్నీ మూసి ఉన్నాయి. తెరిచినా ఎదుటి టవర్ కనపడదు, పొగ అట్లా ఉంది. హాల్లో గాలి శుభ్రం చేసే మిషను గుర్రుమంటోంది.

ప్రతి ఏడాదీ ఈ రోజుల్లో మా ఇంట్లో ఉత్తుత్తి ఇంటర్వ్యూలు జరుగుతాయి. సివిల్స్ రాతపరీక్ష గట్టెక్కిన తెలుగు పిల్లలు కటవారియా సరాయ్ అద్దె గదుల నుంచి మెట్రో ఎక్కి వస్తారు. అసలు బోర్డు ముందు కూర్చోబోయే ముందు ఇక్కడ నలుగురు పెద్దల ముందు కూర్చుంటారు. అడిగినదానికి జవాబు చెప్పి, తిట్లు తిని, ఆ తర్వాత గోంగూర పప్పుతో అన్నం తిని పోతారు. ఢిల్లీలో మనవాళ్లు మనవాళ్లకు చేసే సాయం ఇది అంటాడు మా అల్లుడు. సాయం సంగతేమో గాని, ఒకణ్ణి కూర్చోబెట్టి తిట్టే వీలు దొరికినప్పుడు మనవాళ్ల ముఖాలు ఎంత వెలుగుతాయో నేను చూశాను.

ఆ రోజు వచ్చిన అబ్బాయిది తూర్పు గోదావరిలో సముద్రం ఒడ్డున ఒక పల్లె. తెలుగులోనే ఇంటర్వ్యూ ఇస్తానని పెట్టుకున్నాడు. వయసు దాటిపోతోంది, ఇదే ఆఖరుసారి. ఇప్పుడు రాకపోతే ఇక ఎప్పటికీ రాదు. వాడి ఊరిని సముద్రం కోసుకుపోతోంది. ముందు వీధులు అప్పటికే నీళ్లలో కలిశాయి, ఇప్పుడు వీళ్ల ఇల్లే ముందు వరసలో ఉంది. కిందటిసారి అసలు బోర్డు వాళ్లు ఆ ఊరి గురించే అడిగితే కళ్లనీళ్లు పెట్టుకున్నాడట. మార్కులు అడుగంటాయి. ఈసారి ఏం అడిగినా ఏడవకుండా చెప్పడం నేర్చుకోవాలి. వాడు వచ్చింది దానికే.

వెంట వాడి అన్న కూడా వచ్చాడు. పడవ మీద వేటకు పోయే మనిషి. తమ్ముడి ఇంటర్వ్యూ అయ్యేదాకా తోడుండి, ఆ రోజు బోర్డు ఆఫీసు గేటు దాకా తనే తీసుకుపోవాలని అంత దూరం నుంచి రైలెక్కి వచ్చాడు. ఎవరిదో స్వెటరు వేసుకున్నాడు, చేతులు పొట్టివై మణికట్లు బయటికి వచ్చాయి.

పెద్ద కుర్చీలో మయూర్ విహార్ నుంచి వచ్చిన రిటైరైన అధికారి కూర్చున్నాడు. పక్కన కాలేజీలో పాఠం చెప్పే మేడమ్, ఆ పక్కన మా అల్లుడు. నాలుగో మనిషి దగ్గు పట్టుకుని రాలేదు.

“అత్తయ్యా, మీరు కూర్చోండి. బోర్డులో సామాన్య ప్రజ ఒకరుంటే బావుంటుంది,” అన్నాడు అల్లుడు నవ్వుతూ.

“సామాన్య ప్రజకి కుర్చీ వేసేది ఉత్తుత్తి బోర్డులోనేగా,” అని కూర్చున్నాను.

అన్న లేచి వంటగది వైపు పోబోయాడు. అధికారి ఆపాడు.

“నువ్వెక్కడికి భయ్యా? వాడికి ఎదురుగా కూర్చో.” తర్వాత అబ్బాయి వైపు తిరిగాడు. “మీ అన్న ముందు చెప్పగలిగితే ఎవరి ముందైనా చెప్తావు. నా పద్ధతి ఇదే. ఠీక్ హై?”

“ఠీక్ హై సార్,” అన్నాడు అబ్బాయి. అన్న వైపు చూడలేదు.

వాతావరణం మారిపోవడం గురించి అడిగారు. వాడు కోచింగులో నేర్పినట్టు ఒక పక్క ఇది, ఇంకో పక్క అది, చివరికి రెండూ సమానంగా చూసుకోవాలి అన్నాడు. “తక్కెడ పట్టుకుని వచ్చావా? ఏదో ఒకటి చెప్పు,” అని కసిరాడు అధికారి. ఆ తర్వాత వాణ్ణి మరిచిపోయి వాళ్లలో వాళ్లే వాదనలో పడ్డారు.

“సముద్రాన్ని ఏ ప్రభుత్వం ఆపుతుంది? ప్రభుత్వం దేవుడు కాదు,” అన్నాడు అధికారి.

“నగరం మీదికొస్తే ఆపుతుంది సార్. బీచ్ రోడ్డుకి రాళ్లు పోస్తారు, పల్లెకి పోయరు,” అంది మేడమ్.

“ఎందుకు పోయాలి మేడమ్? ఆ డబ్బుతో వాళ్లకి స్కిల్స్ నేర్పొచ్చు. రేపు ఊళ్లే ఉండవు, అందరూ సిటీలకి రావాల్సిందే,” అన్నాడు మా అల్లుడు.

“ఈ గాలి పీల్చడానికా?” అన్నాను. “నీళ్లొచ్చిన ఊరు ఖాళీ చేయాలంటే పొగొచ్చిన ఊరూ చేయాలిగా. మరి మీరెప్పుడు చేస్తారు?”

అధికారికి కోపం రాలేదు. “మాకు హైదరాబాదులో ఇంకో ఇల్లుందమ్మా. మరీ అవసరమైతే పోతాం,” అన్నాడు. అన్న ఆ మాటకి తలూపాడు, రేవులో చేపల ధర విని ఊపినట్టు.

తర్వాత నా చేతికి కాగితం ఇచ్చారు. ఆఖరు ప్రశ్న నేను అడగాలి. నాకు అరవై దాటాకే అక్షరాలు వచ్చాయి, కూడబలుక్కుని చదువుతాను. ప్రశ్న ఎటు పోతుందో నేను పూర్తి చేయకముందే హాల్లో అందరికీ తెలిసిపోయింది.

“నువ్వు ఆ జిల్లాకి కలెక్టరువి. మీ ఊరికి గోడ కట్టిస్తావా, ఊరు ఖాళీ చేయిస్తావా? ఒక్క మాటలో చెప్పు.”

“ఖాళీ చేయిస్తాను మేడమ్.” నన్నూ మేడమ్ అన్నాడు. “గోడకి అయ్యే ఖర్చుకి ఊరి విలువ సరిపోదు.”

“మేం పోమని మొండికేస్తే?” అన్నాడు అధికారి.

“నోటీసు ఇస్తాం సార్.”

“అయినా కదలకపోతే?”

“కరెంటు, నీళ్లు ఆపేస్తాం.”

“మీ వాళ్లే అయితే?”

“మా వాళ్లకే ముందు ఆపుతాం సార్. అప్పుడు మిగతావాళ్లు నమ్ముతారు.”

కళ్లు పొడిగా ఉన్నాయి. గొంతు ఎక్కడా ఆగలేదు. అధికారి బల్ల మీద కొట్టి “శభాష్” అన్నాడు.

“నేనోటి అడగొచ్చాండీ?” అన్నాడు అన్న.

“అడుగు, అడుగు. నువ్వూ బోర్డే అనుకో.”

అన్న తమ్ముడి వైపు తిరిగాడు. “పడవలెక్కడ కట్టుకోమంటారు సార్?”

అబ్బాయి అన్న వైపు తిరగబోయాడు. అధికారి వేలు ఎత్తి, తన వైపు చూసి చెప్పమన్నట్టు సైగ చేశాడు. వాడు ఆయన వైపే చూసి చెప్పాడు.

“ప్రత్యామ్నాయ ఉపాధి కల్పిస్తాం.”

“అంటే ఏంటండి?”

“వేట కాకుండా వేరే పని.”

“నాకు ఇంకో పని రాదు కదరా.”

“శిక్షణ ఇస్తాం.”

“చూశారా, చెక్కుచెదరలేదు,” అన్నాడు అధికారి మాతో.

ముగ్గురూ మంచి మార్కులు వేశారు. నేను అందరికంటే ఎక్కువ వేశాను. ఎందుకు వేశానో అందరూ వినేటట్టే చెప్పాను. ఆ సముద్రం ఆగదు. జాలరి వీధుల కోసం రాళ్లు పోసే ప్రభుత్వాన్ని నేను ఇంతవరకు చూడలేదు, ఇకముందూ చూడను. ఉన్నమాట చెప్పినవాడికి మార్కులు వేయక ఏం చేస్తాం?

మా అమ్మాయి వడ్డించింది. అన్న బాగానే తిన్నాడు, గోంగూర మారు అడిగి మరీ. చెయ్యి కడుక్కోవడానికి వంటగదిలోకి వచ్చినప్పుడు తువ్వాలు అందిస్తూ అడిగాను.

“నీ తమ్ముడు చెప్పింది అబద్ధమా?”

“అబద్ధం కాదు పెద్దమ్మగారూ. కానీ ఆ మాట సర్కారోడు సెప్పాలండి. ఆడెందుకు సెప్పాలి?”

“రేపు సర్కారోడు వాడే కదా.”

“ఆయ్. అందుకే ఎల్తన్నానండి.”

గేటు దాకా తీసుకుపోవాలని వచ్చిన మనిషి ఆ మధ్యాహ్నమే స్టేషనుకు బయలుదేరాడు. అబ్బాయి లిఫ్టు దగ్గర అన్న స్వెటరు పట్టుకున్నాడు.

“అన్నా, అది ఉత్తుత్తిది. నేర్చుకున్నది చెప్పాను, అంతే.”

“బా సెప్పావురా. ఉద్యోగం వచ్చేత్తాది నీకు. మనూరికి మాత్రం ఏయించుకోకు.”

లిఫ్టు తలుపు మూసుకుంది. అబ్బాయి లోపలికి వచ్చి, ఇంకోసారి కూర్చోబెట్టండి సార్, ఇంకా గట్టిగా అడగండి అన్నాడు. అధికారి ఆనందానికి హద్దు లేదు.

అసలు బోర్డు వాడి ఊరి గురించి ఒక్క ముక్క అడగలేదు. ఢిల్లీ పొగ గురించి కాసేపు, క్యారమ్స్ ఆట గురించి ఇంకాసేపు అడిగి పంపేశారట. ఉద్యోగం వచ్చింది. వచ్చిన రోజు వాడు నాకు ఫోన్ చేశాడు. అన్న ఫోన్ ఎత్తడం లేదట, మీరొకసారి మాట్లాడండి పెద్దమ్మా, మీ మాట వింటాడు అన్నాడు.

“ఏమని మాట్లాడను? నువ్వు చెప్పింది నిజమేనని నేను ఆ రోజే చెప్పాను. మళ్లీ అదే చెప్పాలా?” అన్నాను.

వాడు ఫోన్ పెట్టేశాడు. మా ఇంటికి మళ్లీ రాలేదు. మా వాళ్లు మాత్రం కొత్తగా వచ్చే ప్రతి పిల్లాడికీ వాడి జవాబే చెప్పి చూపిస్తారు, ఇట్లా చెప్పాలి అని.

ఆ రోజు అక్కడ ఉన్నవాళ్లం: పెద్ద కుర్చీలో మయూర్ విహార్ అధికారి, కాలేజీ మేడమ్, మా అల్లుడు, వడ్డించిన మా అమ్మాయి, అందరికంటే ఎక్కువ మార్కులు వేసిన నేను, ఉద్యోగం వచ్చిన ఆ అబ్బాయి, వాడి అన్న.